‘టాయ్ పామ్’ అని కొన్న పిల్ల ఐదు నెలలకే ఆరున్నర కిలోలైంది, మోసపోయామా?

అడిగినావిడ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ. వాట్సాప్ గ్రూపులో ఫొటో చూశారు. ‘టాయ్ పామేరియన్, 45 రోజుల పిల్ల, కేసీఐ పేపర్లు (కెన్నెల్ క్లబ్ ఇచ్చే జాతి రిజిస్ట్రేషన్ కాగితాలు) వారంలో కొరియర్‌లో వస్తాయి’ అంటే నమ్మి 18,000 రూపాయలు పెట్టి కొన్నారు. ఇప్పుడు దానికి ఐదు నెలలు, బరువు ఆరున్నర కిలోలు. పేపర్లు రాలేదు, అమ్మినతను ఫోన్ ఎత్తడం లేదు. పక్కింటాయన చూసి ‘ఇది మామూలు బొచ్చు కుక్కేనమ్మా’ అనేశాడు. నిజంగా మోసపోయామా, డబ్బు వెనక్కి వస్తుందా, ఇంకోసారి కొనేటప్పుడు ఎలా పసిగట్టాలి, ఈ కుక్కను తిరిగి ఇచ్చేయమంటారా అని ప్రశ్న.

నేను విజయవాడలో 19 ఏళ్లుగా పెంపుడు జంతువుల క్లినిక్ నడుపుతున్న పశువైద్యుణ్ని. సూటిగా చెప్పేస్తాను. అవునండీ, మోసపోయారు. మీరు పెట్టిన ఫొటోల్లో ఉన్నది ఇండియన్ స్పిట్జ్, లేదా దాని క్రాస్. పామేరియన్ జాతి ప్రమాణం ప్రకారం ఎదిగిన కుక్కే సుమారు 1.4 నుంచి 3.2 కిలోల మధ్య ఉంటుంది. కాస్త పెద్ద సైజు పామ్‌లు నాలుగైదు కిలోలు తూగడం నేనూ చూశాను గానీ, ఐదు నెలలకే ఆరున్నర అంటే ‘టాయ్’ అన్న మాటకు అర్థమే లేదు. డబ్బు మొత్తం రావడం కష్టం, కొంత రాబట్టే దారులున్నాయి, కింద చెబుతాను. తిరిగి ఇవ్వడం మాత్రం వద్దు. అతను తీసుకోడు, తీసుకున్నా వయసు తగ్గించి ఇంకొకరికి అంటగడతాడు.

అయితే ఒక మాట. నా దగ్గరకు వచ్చే మోసాల్లో మీది చిన్నది. జాతి మోసంలో పోయేది డబ్బే. వయసు మోసంలో, రోగం దాచిన మోసంలో పిల్ల ప్రాణమే పోతుంది. అందరూ ‘ఒరిజినలా, క్రాసా’ అని బెంగపడతారు. నేను మాత్రం ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాను, తర్వాత చిగుళ్లు, ఆ తర్వాత వ్యాక్సిన్ కార్డు. జాతి సంగతి చివరికి.

ముందు మీ స్పిట్జ్ సంగతి. 1980, 90ల్లో విదేశీ కుక్కలు మన దగ్గర దొరకడం గగనం. అప్పుడు ప్రతి కాలనీలో గేటు వెనకాల మొరిగే తెల్ల బొచ్చు కుక్క ఇండియన్ స్పిట్జే. మనవాళ్లందరూ దాన్ని పామేరియన్ అనే పిలిచారు, ఇప్పటికీ పిలుస్తున్నారు. కాబట్టి అమ్మేవాళ్లలో కొందరు తెలియకనే పామేరియన్ అంటారు, అది మోసం అనలేం. ‘టాయ్’, ‘టీకప్’, ‘మినీ’ అని ముందు ఒక మాట తగిలించి రేటు మూడింతలు చెప్పేవాడు మాత్రం తెలిసే చేస్తున్నాడు. టీకప్ అనే జాతి ఎక్కడా లేదు. ఏ కెన్నెల్ క్లబ్బూ దాన్ని గుర్తించలేదు. పిల్ల చిన్నగా కనపడాలంటే తేలిక మార్గం ఒకటుంది: 28 రోజుల పిల్లను 45 రోజుల పిల్ల అని చెప్పడం. ‘చూశారా, 45 రోజులైనా అరచేతిలో పడుతోంది’ అంటాడు. నెల నిండని ఏ పిల్లయినా అరచేతిలో పడుతుంది మరి. లాబ్రడార్ కూడా ఒక వయసులో పడుతుంది.

అసలు ఈ ‘45 రోజులు’ అనే లెక్కే మన మార్కెట్ కనిపెట్టింది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పిల్లలు పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు కావాలి. కుక్కలకు మైక్రోచిప్ ఉండాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఈ పందొమ్మిదేళ్లలో ‘ఇదిగో నా రిజిస్ట్రేషన్ నంబర్’ అని కాగితం తీసి చూపించిన బ్రీడర్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అయినా అడగండి. అడిగితే పోయేదేమీ లేదు. ఆ ప్రశ్న వినగానే ముఖం చిట్లించేవాడి దగ్గర కొనకపోవడమే మీకు లాభం.

ఎనిమిది వారాలు ఎందుకంటే, తల్లి పాల మీద, తోటి పిల్లల మధ్య పెరిగే ఆ చివరి మూడు నాలుగు వారాల్లో పిల్ల చాలా నేర్చుకుంటుంది. ఎంత గట్టిగా కొరికితే తోటి పిల్ల కుయ్యోమంటుందో అప్పుడే తెలుస్తుంది. నెలకే విడదీసిన పిల్లలు పెద్దయ్యాక చెయ్యి పట్టి కొరుకుతున్నాయని, వదిలి వెళ్తే ఇల్లు పీకి పందిరేస్తున్నాయని నా దగ్గరకు తీసుకొస్తారు. విరేచనాలు, షుగర్ పడిపోవడం, చలికి తట్టుకోలేకపోవడం సరేసరి.

వయసు పళ్లలో దొరుకుతుంది. పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. కుక్కపిల్లకు మూడు నాలుగు వారాల వయసులో కోరపళ్లు సూదిమొనల్లా పైకి రావడం మొదలవుతుంది. దాదాపు అదే సమయంలోనో ఆ తర్వాత వారం రెండు వారాల్లోనో ముందుపళ్లు వస్తాయి. వెనక దవడపళ్లు వాటి తర్వాత. ఎనిమిది వారాలకల్లా మొత్తం 28 పాలపళ్లూ నోట్లో ఉండాలి. రెండు నెలల పిల్ల అని చెప్పి, వెనక చిగుళ్ల మీద వేలు పెడితే నున్నగా తగిలితే ఆ లెక్క తప్పు. నాలుగు నెలల తర్వాత ముందు పాలపళ్లు ఊడి పెద్దవి వస్తుంటాయి. అందుకే కొన్నిసార్లు దీనికి తిరగేసిన మోసం కూడా దొరుకుతుంది. అమ్ముడుపోక మిగిలిన ఐదు నెలల చిన్న జాతి కుక్కను ‘మూడు నెలలే’ అని అమ్ముతారు. నోరు తెరిస్తే అదీ తెలిసిపోతుంది.

ఇక్కడ మా నాన్న గుర్తొస్తాడు. మాది పల్నాడు వైపు. సంతలో ఎద్దును కొనాలంటే ఆయన నోరు పట్టి పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, కాసేపు నడిపించి చూసేవాడు. గేదె అయితే సరే, మూడు పూటలు తన కళ్ల ముందే పిండించందే బేరం మాటే ఎత్తేవాడు కాదు. పూట పాలు పిండకుండా ఆపి పొదుగు నింపి సంతకు తోలుకొచ్చే దళారుల సంగతి ఆయనకు తెలుసు కాబట్టి. అదే ఇంటి నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి ‘హస్కీ’ పిల్లకు 35,000 పంపేశాడు. ‘బాబాయ్, కళ్లు చూడు, ఎంత నీలంగా ఉన్నాయో’ అన్నాడు. కళ్లు తెరిచిన కొత్తలో దాదాపు అన్ని కుక్కపిల్లల కళ్లూ నీలిబూడిద రంగులోనే ఉంటాయి రా, అసలు రంగు తేలడానికి వారాలు పడుతుంది అని చెప్పేసరికి ఫోన్ అవతల కాసేపు మాట లేదు. మూడు నెలలకు ఆ కళ్లు చక్కటి గోధుమ రంగుకు తిరిగాయి. కుక్క మాత్రం బంగారం, ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

అమ్మేవాళ్ల భాష ఒకటుంది, అది అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. ‘హెవీ బోన్’, ‘డబుల్ కోట్’, ‘షో క్వాలిటీ’, ‘ఛాంపియన్ బ్లడ్‌లైన్’, ‘ఇంపోర్ట్ లైన్’. పిల్లుల్లో అయితే ‘డాల్ ఫేస్’, ‘సెమీ పంచ్’, ‘పంచ్ ఫేస్’, ‘ట్రిపుల్ కోట్’. వీటిలో కొన్నిటికి అర్థం ఉంది, చాలావాటికి రేటు పెంచడం తప్ప వేరే అర్థం లేదు. ‘ఇంపోర్ట్’ అన్న మాట వినపడితే తల్లిదండ్రుల్లో దేన్ని, ఎప్పుడు, ఏ కాగితాల మీద తెప్పించారో అడగండి. వ్యాపారం కోసం కుక్కల్ని బయటి దేశాల నుంచి తేవడంపై కేంద్రం 2016లో ఆంక్షలు పెట్టింది, కాబట్టి గల్లీకొకటి ఇంపోర్ట్ కుక్క తిరగడం అయ్యే పని కాదు.

దేశవాళీ జాతుల మీద మోజు పెరిగాక మోసం అటూ వచ్చింది. తెల్లగా, సన్నగా ఉన్న ఊరకుక్క పిల్ల రాజపాళయం అయిపోతుంది. పొడుగు కాళ్ల పిల్ల ముధోల్ అయిపోతుంది. నాకు ఊరకుక్కల మీద ఏ చులకనా లేదు, మా ఇంట్లో ఉన్న రెండూ అవే. కానీ రోడ్డు మీద ఉచితంగా దొరికే పిల్లకు పదిహేను వేలు ఎందుకు కట్టాలి?

కేసీఐ పేపర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పడేది అక్కడే. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే రిజిస్ట్రేషన్ అది. తల్లీ తండ్రీ రిజిస్టరై ఉంటే, ఈతలో పుట్టిన పిల్లల్ని బ్రీడర్ రిజిస్టర్ చేయిస్తాడు, అమ్మినప్పుడు యజమాని పేరు మారుతుంది. బాగానే ఉంది. కానీ అది ప్రధానంగా బ్రీడర్ ఇచ్చిన వివరాల మీద నిలబడే కాగితం. నాలుగు పిల్లలు పుడితే ఏడు అని రాయించి, మిగిలిన మూడు కాగితాలు వేరే పిల్లలకు అంటించే ఘనులు ఉన్నారని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. అందుకే కాగితాన్ని కాదు, కాగితం మీది మైక్రోచిప్ నంబర్‌ను నమ్మండి, అది కూడా స్కానర్‌లో చూశాకే. చిప్ మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద ఉంటుంది, బియ్యపు గింజంత. స్కానర్ పెడితే 15 అంకెల నంబర్ వస్తుంది. అది కాగితం మీద నంబర్‌తో సరిపోవాలి.

నాలుగేళ్ల కింద ఒకాయన లక్షకు దగ్గరగా పెట్టి రాట్‌వీలర్‌ను కొన్నారు. మెరిసే ఫైల్, అందులో సర్టిఫికెట్, చిప్ స్టిక్కర్, అన్నీ ఉన్నాయి. నేను స్కానర్ పట్టుకుని మెడ మీద, భుజాల మీద, చిప్ జారిందేమోనని మోచేతుల దాకా రెండు సార్లు తిప్పాను. కూత లేదు. ఆయన ‘మీ మెషీన్ పాడైందేమో డాక్టరు గారూ’ అన్నారు. బయట వరండాలో కూర్చున్న ఇంకొకరి బీగిల్‌ను పిలిచి దాని మెడ మీద పెట్టాను, వెంటనే కూసింది. ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఫైల్ మూసి చంకలో పెట్టుకుని, కుక్కను మాత్రం చాలాసేపు నిమురుతూ కూర్చున్నారు. ‘పేపర్లు తర్వాత వస్తాయి’ అంటే అవి రావని అనుకుని ధర మాట్లాడటమే మంచిది.

తల్లిని చూడకుండా కొనకండి. అందరూ చెప్పే సలహానే, కానీ అమ్మేవాళ్లకు కూడా ఈ సలహా తెలిసిపోయింది. ఒకసారి మా స్నేహితుడితో కలిసి లాబ్రడార్ పిల్లను చూడటానికి వెళ్లాను. డాక్టరునని చెప్పలేదు. తల్లిని చూపించమంటే లోపలి నుంచి ఒక లాబ్రడార్‌ను తెచ్చారు. స్నానం చేయించి, దువ్వి, మెడలో ఎర్ర రిబ్బను కూడా కట్టారు. మంచి కుక్క, తోక ఊపుతూ నా ఒళ్లో తల పెట్టింది. నేను దాని పొట్ట కింద చెయ్యి పోనిచ్చాను. నెలన్నర పిల్లలున్న తల్లి అయితే చన్నులు సాగి వేలాడుతూ ఉండాలి, చుట్టూ బొచ్చు రాలి ఉండాలి, పిల్లల గోళ్ల గీతలు కూడా కనపడతాయి. దీనికి చన్నులు మిరియం గింజల్లా ఉన్నాయి. పైగా బొడ్డు కింద నుంచి సన్నటి గీత, పాత కుట్ల గుర్తు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్క అది! ‘దీనికి ఎన్ని పిల్లలు పుట్టాయండీ?’ అని అడిగాను. ‘తొమ్మిది సార్, ఇంకా రెండే మిగిలాయి’ అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. మా స్నేహితుడు బయటికొచ్చాక అరగంట నవ్వాడు. పిల్లల్ని తల్లి దగ్గర వదలమనండి. అవి పాలకోసం ఎగబడతాయా, తల్లి వాటిని నాకుతుందా చూడండి. అద్దె తల్లి అయితే మూతి ముడిచి పక్కకు తప్పుకుంటుంది, ఒక్కోసారి గుర్రుమంటుంది కూడా.

ఇప్పుడు నేను ఎక్కువగా భయపడే సంగతికి వస్తాను. పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ రోగం.

ఒక కుటుంబం ఆదివారం పిల్లను కొన్నది. ఆరో తరగతి చదివే పాప పుట్టినరోజు కానుక. బుధవారం రాత్రి వాంతులు. గురువారం ఉదయం నా దగ్గరకు తెచ్చేసరికి టవల్ అంతా రక్తవిరేచనం. ఆ వాసన ఒకసారి చూసిన డాక్టరు మర్చిపోడు, తలుపు తెరవగానే తెలిసిపోతుంది. కిట్ పెట్టి పరీక్ష చేస్తే రెండు గీతలూ వచ్చాయి, అంటే పార్వోనే. సెలైన్ ఎక్కించాం, వాంతులు ఆగడానికి, ఇన్ఫెక్షన్‌కు మందులు ఇచ్చాం. శనివారం తెల్లవారుజామున పోయింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే ‘మీ ఇంట్లో ఏదో పెట్టుంటారు, నా దగ్గర బాగానే ఉంది, అయినా పర్లేదు, రీప్లేస్‌మెంట్ ఇస్తా’ అన్నాడు. నేను వద్దని చెప్పాను. పాప ఏడుపు చూడలేక మూడు వారాలకు ఇంకో పిల్లను తెచ్చుకున్నారు. దానికీ అదే జరిగింది.

ఎందుకంటే, పార్వో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాల దాకా. ఆదివారం కొన్న పిల్ల బుధవారం వాంతి చేసుకుందంటే, అది రోగంతోనే మీ ఇంటికొచ్చిందని దాదాపుగా చెప్పవచ్చు. పైగా ఆ వైరస్ నేల మీద, కార్పెట్‌లో, గిన్నెల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌తో కడిగితే చావదు. బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు సుమారు 30 వంతులు కలిపి, ముందు మురికి శుభ్రంగా కడిగేసి, ఆ తర్వాత ఈ ద్రావణం పోసి కనీసం పది నిమిషాలు ఉంచాలి. మట్టి నేల, పెరడు ఉంటే అదీ కుదరదు. కాబట్టి ‘రీప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అనేది చూడటానికి పెద్ద మనసులా కనపడుతుంది గానీ, అదే గూటి నుంచి అదే రోగం ఉన్న ఇంటికి ఇంకో పిల్లను పంపడమే. వ్యాక్సిన్లు పూర్తికాని పిల్లను ఆ ఇంట్లోకి కనీసం ఆర్నెల్లు, వీలైతే ఏడాది తేవద్దని నేను చెబుతాను.

అలాంటి పిల్ల అమ్మే రోజు చలాకీగా ఎలా ఉంది అంటారు. లక్షణాలు మొదలవక ముందు బాగానే ఉంటుంది. మొదలైనా, బేరం రోజు ఉదయం ఏదో ఇంజెక్షన్ పొడిచి నిలబెట్టిన పిల్లల్ని కూడా చూశాను, తొడ మీద పొడిచిన చోట ఉబ్బి ఉంటుంది. మీరు చూడాల్సినవి ఇవి: చిగుళ్లు గులాబీ రంగులో, తడిగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం లేదు, పిడుదులో కొంకిపురుగులో తాగేస్తున్నాయి. తోక ఎత్తి చూడండి, అక్కడ బొచ్చు తడిగా అతుక్కుని ఉంటే పొద్దున్నే కడిగారన్నమాట. పొట్ట బంతిలా గుండ్రంగా ఉంటే ‘హెల్దీ పప్పీ, హెవీ’ అంటారు. చాలాసార్లు అవి నట్టలు. మిగతా పిల్లలు ఎలా ఉన్నాయో కూడా చూడండి. ఒక్క పిల్లనే విడిగా తెచ్చి చేతిలో పెట్టి, లోపలికి రానివ్వకపోతే వెనక్కి తిరగండి.

వ్యాక్సిన్ కార్డు ఎలా చదవాలో చెబుతాను. మందు సీసా మీది స్టిక్కర్ పీకి కార్డులో అంటిస్తాం. దాని మీద బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్, వేసిన తేదీ ఉండాలి. మొదటి డోసు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా. నా దగ్గరకు వచ్చిన ఒక కార్డులో పుట్టిన తేదీ మీద వైట్‌నర్ పూసి ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే కింద పాత తేదీ కనపడింది. ఆ లెక్కన వ్యాక్సిన్ వేసిన రోజుకు పిల్ల వయసు 19 రోజులు. స్టిక్కర్ అయితే నిజమైనదే, ఎక్కడో వేరే కుక్కకు వేసిన సీసాది తెచ్చి అంటించారు. సంతకం ఉండి డాక్టరు పేరు లేకపోతే, ఊరు లేకపోతే ఆ కార్డును లేనట్టే లెక్కేసి మొదటి నుంచి వేయించండి. రెండో సారి పడినా పిల్లకు నష్టం లేదు. పడిందనుకుని వదిలేస్తేనే నష్టం.

పిల్లులు, పక్షుల సంగతి గబగబా చెప్పేస్తాను. పర్షియన్ పిల్లికూనల్లో బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలుంటే ‘కోటు మారుతోంది’ అంటారు, అది చాలామటుకు తామర, పిల్లలకు ఇట్టే అంటుకుంటుంది. మూడు రంగుల మగ పిల్లి, చాలా అరుదు అని రెట్టింపు చెబితే నవ్వి ఊరుకోండి. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే, మగది వేలల్లో ఒకటి, అదీ మామూలుగా పిల్లల్ని కనించలేనిది. రంగు రంగుల కోడిపిల్లలు గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని పక్కనపెట్టిన మగ పిల్లలు, రంగు మూడు వారాల్లో ఈకలతో పాటే పోతుంది. అరచేతి తాబేలు ‘ఇంతే ఉంటుంది, పెరగదు’ అంటారు. చెంప మీద ఎర్ర చార ఉన్న ఆ తాబేలు అడుగు దాకా పెరుగుతుంది, తర్వాత జనం దాన్ని చెరువులో వదిలి ఇంకో పాపం చేస్తారు. మన రామచిలుకనూ, నక్షత్ర తాబేలునూ కొంటే మాత్రం మీరు మోసపోయినవాళ్లు కారు, నేరం చేసినవాళ్లవుతారు. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. ‘గూట్లో పుట్టింది సార్’ అన్న మాట ఫారెస్టు వాళ్ల ముందు చెల్లదు.

కుక్కే లేని మోసం ఇంకొకటి. ప్రకటనలో గోల్డెన్ రిట్రీవర్, ధర నమ్మలేనంత తక్కువ. ‘ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, మంచి ఇల్లు దొరికితే చాలు’ అంటాడు. ముందు రవాణాకు రెండు వేలు. తర్వాత బోనుకు, తిరిగి ఇచ్చేస్తామని, ఐదు వేలు. ఆ తర్వాత ఇన్సూరెన్సు. తర్వాత దారిలో ఆపారని ఇంకేదో. ప్రతిసారీ ఇంతకుముందు కట్టింది పోతుందేమోనన్న టెన్షన్‌తోనే జనం మళ్లీ కడతారు. వీడియో కాల్ చేయించి, కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాయించి కుక్క పక్కన పెట్టి చూపించమనండి. పది మందిలో తొమ్మిది మంది అక్కడే మాయమవుతారు. ‘డబ్బు తిరిగి పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అసలు కొట్టకండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అలా పోయిన డబ్బుకు వెంటనే, వీలైతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపే అవకాశం అప్పుడే ఉంటుంది. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి.

మీ డబ్బు సంగతి. మీరు చేతికి పిల్లను తీసుకుని డబ్బిచ్చారు కాబట్టి దారి వేరు. ముందు ఆ గ్రూపులోని ప్రకటన, చాటింగ్, ‘టాయ్ పామ్’, ‘కేసీఐ’ అన్న మాటలున్న వాయిస్ మెసేజ్‌లు, యూపీఐ రసీదు అన్నీ భద్రం చేయండి. అతను గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మీ డాక్టరుతో ఒక లెటర్‌హెడ్ మీద కుక్క వయసు, బరువు, చిప్ లేదన్న సంగతి రాయించుకోండి. ‘ఇది ఫలానా జాతి కాదు’ అని ఖాయంగా రాయమని మాత్రం డాక్టరును ఒత్తిడి చేయకండి, చూపుతో అంత కచ్చితంగా రాయలేం. బరువు, ఎత్తు రాస్తే చాలు, మిగతాది చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఈ కాగితంతో ఒక నోటీసు పంపండి. నాకు తెలిసి ముగ్గురు నలుగురికి నోటీసు దగ్గరే సగం డబ్బు వచ్చింది, ఎందుకంటే రోజూ అమ్ముకునేవాడికి గొడవ బయటపడటం ఇష్టం ఉండదు. రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు, పాత ఫోర్‌ట్వంటీ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. 18,000 కోసం ఎంత దూరం వెళ్లాలన్నది మీ ఓపిక. నేనైతే నోటీసు, 1915 వరకూ వెళ్లి, ఫలితం చూసి ఆగేవాణ్ని.

ఇక ఇంట్లో తిరిగి ఇచ్చేద్దామంటున్నారని రాశారు. వాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి. నిజంగా రెండు కిలోల టాయ్ పామ్ వచ్చి ఉంటే, సోఫా మీద నుంచి దూకినప్పుడల్లా మోకాటి చిప్ప జారుతుందేమోనని, గొంతుకు పట్టీ కడితే శ్వాసనాళం నొక్కుకుంటుందేమోనని, పళ్లు త్వరగా పాడవుతాయని, ఇలా నా దగ్గరకు తరచూ వస్తూ ఉండేవారు. ఇండియన్ స్పిట్జ్ తరాలుగా మన ఎండల్లో, మన పెరుగన్నం మీద బతికిన కుక్క. మొరుగుతుంది, అది నిజం, కాలింగ్ బెల్ కన్నా ముందే మొరుగుతుంది. మీ ఫొటోలో అది చెప్పు నోట పట్టుకుని కెమెరా వైపు చూస్తున్న తీరు చూస్తే తిరిగి ఇచ్చే ప్రసక్తి మీ ఇంట్లో నిజంగా లేదనే అనిపిస్తోంది.

ఐదు నెలలంటున్నారు కాబట్టి రేబీస్ టీకా ఇప్పటికే పడి ఉండాలి. అమ్మినవాడు ఇచ్చిన కార్డును నమ్మకుండా మీ డాక్టరుతో మొదటి నుంచి లెక్క చూయించండి. మల పరీక్ష ఒకసారి చేయించి నట్టల మందు వేయించండి. ఇంకా రెండు మూడు కిలోలు పెరుగుతుంది. మెడపట్టీ కొనేటప్పుడు అంగట్లో ‘టాయ్ బ్రీడ్’ అని రాసిన వరస వదిలేసి, దాని పక్క సైజు తీసుకోండి.